బండగారికి గాలీ వెలుతురూ

మా బళ్ళో ఇంతవరకు గ్యాస్ బండ పేలలేదు. ఈ కథలో కూడా పేలదు. ఆ సంగతి ముందే చెప్పేస్తే మంచిది, తరవాత నన్ను అడ్డంగా అడక్కూడదు. మా చినమెరక ప్రాథమికోన్నత పాఠశాల అతలాకుతలం కావడానికి బండ పేలనక్కరలేదు, అది క్షేమంగా ఉంటే చాలు. ఎలాగో చెబుతాను వినండి.

నేను అక్కడ లెక్కల మాస్టారిని. పేరు భీమలింగం. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని ఊరంతా చెప్పుకుంటారు, అబద్ధమేమీ కాదు. హెడ్మాస్టరు పేర్రాజుగారు నాకు పూర్తిగా విరుద్ధం. ఆయనకి రిటైర్మెంటు దగ్గరపడింది. పింఛను కాగితాలు సాఫీగా కదలాలంటే పైనుంచి ఏది వచ్చినా కళ్ళకద్దుకోవాలని ఆయన నమ్మకం. “ఆర్డరు వచ్చాక బుర్ర వాడకూడదు మాస్టారూ, రెండూ ఒకచోట ఇమడవు” అని నాకు తరచూ హితబోధ చేస్తుండేవారు. మూడో టీచరమ్మ ప్రసూతి సెలవులో ఉంది. ఆవిడ అదృష్టవంతురాలు.

ఇక వంటమనిషి నూకరత్నం. బడి పెరట్లో రేకుల షెడ్డులో పిల్లలకి మధ్యాహ్నం భోజనం వండేది. పొయ్యి పక్కన బండ, బండ పక్కన నూకరత్నం. వంట దించగానే పొయ్యి కట్టేసి, రెగ్యులేటరు తిప్పేసి, ఓసారి ముక్కెగబీల్చి వాసన చూసుకుని అప్పుడు పిల్లల్ని పిలిచేది. పిల్లలెవరైనా షెడ్డు గడప తొక్కితే గరిటె చూపించేది. మా బడి భద్రత యావత్తూ ఆ గరిటె మీదే నడిచేది.

మా ఊళ్ళో ఆడవాళ్ళు చాలామంది తెల్లవారకముందే నాట్లకో, రొయ్యలు వొలిచే షెడ్డులకో వెళ్ళిపోతారు. వాళ్ళ పిల్లలు ఇంత చద్దన్నం తినో, తినకుండానో బడికి వస్తారు. నూకరత్నం పెట్టే వేడన్నమే వాళ్ళకి ఆ పూట అసలు భోజనం. ఆరో తరగతి లోవకుమారి అయితే నేను భిన్నాలు చెబుతుండగానే గాలి పీల్చి “ఈయేళ పప్పుచారండి మాస్టారండి” అని ప్రకటించేది. ఒక్కసారీ తప్పలేదు. లెక్కల్లో కూడా అలాగే ఉంటే నేనింత ముసలివాణ్ణి అయ్యుండేవాణ్ణి కాదు.

ఇలా ఉండగా, ఎక్కడో ఎవరో పెద్దాఫీసరు ఏదో బడికి తనిఖీకి వెళితే, ఒక పిల్లవాడు ఖాళీ బండని బోర్లించి దాని మీద కూర్చుని ఎక్కాలు వల్లిస్తూ కనిపించాడట. ఆ పిల్లవాడికి ఎక్కాలు సరిగ్గా వచ్చో లేదో ఎవరూ చెప్పలేదు. పైవాళ్ళు మాత్రం ఉలిక్కిపడ్డారు. వారం తిరగకుండా ‘పాఠశాలల వంట ఇంధన భద్రతా విభాగం’ అని ఒకటి పుట్టింది. దానికో జీపు, జీపులో ఓ ప్రత్యేకాధికారి. ఆయన పేరు వైకుంఠరావుగారు. భద్రత చూసే మనిషికి ఆ పేరేమిటని నాకు అప్పుడే అనిపించింది కానీ, పేరు పెట్టుకున్నది ఆయన కాదు కదా అని ఊరుకున్నాను.

మమ్మల్నందర్నీ మండల కేంద్రంలో శిక్షణకి పిలిచారు. వైకుంఠరావుగారు తెల్ల సఫారీ వేసుకుని మైకు ముందు నిలబడ్డారు. మంచి కంఠం.

“మిత్రులారా, విద్యార్థి అనగా భావి భారతం. బండ అనగా మండు స్వభావము గల పదార్థము. ఈ ఇరువురూ ఒకే కప్పు కింద ఒకే గాలి పీల్చరాదు. ఇదియే మన విభాగము యొక్క మూలసూత్రము” అన్నారు.

చప్పట్లు కొట్టాం. తరవాత హాలు మూలకి పోయి, అక్కడ బండ పక్కన మరుగుతున్న టీ గిన్నె చుట్టూ అందరం గుమిగూడి టీ తాగాం.

నిబంధనలు పట్టుకుని పేర్రాజుగారు బడికి వచ్చారు. బండని ఆరుబయట ఉంచరాదు. రేకుల కప్పు కింద ఉంచరాదు. శ్లాబు గదిలో ఉంచవలెను. ఆ గదికి ఎదురెదురు కిటికీలు, ధారాళమైన గాలీ వెలుతురూ ఉండవలెను. కరెంటు స్విచ్చులు, ఫ్యాన్లు, లైట్లు ఉండరాదు. ఆ గదిలోకి విద్యార్థులు ప్రవేశించరాదు.

మా బడికి గదులు మూడు. ఒకదాంట్లో పేర్రాజుగారి బల్ల, బీరువాలు. ఇంకోదానికి ఒకే కిటికీ, అదీ పక్కవాళ్ళ గోడలోకి తెరుచుకుంటుంది. మూడోది ఏడో తరగతి గది. కాలవ మీద గాలి ఒక కిటికీలోంచి వచ్చి మరో కిటికీలోంచి పోతుంటుంది. ఎండాకాలంలో పిల్లలందరినీ ఆ గదిలోకే చేర్చేవాళ్ళం.

“చెప్పండి మాస్టారూ, ఏ గది?” అన్నారు పేర్రాజుగారు.

“చెప్పేదేముందండి, రాసినవాడు మన ఏడో తరగతి గదిని చూసే రాసినట్టున్నాడు” అన్నాను.

ఆయనకి అందులోని ఎత్తిపొడుపు అందలేదు. నాలాంటివాడికి కూడా విషయం అర్థమైనందుకు సంతోషించారు. బెంచీలు బయటికి తీశాం. ఫ్యాను ఊడదీశాం. స్విచ్చుబోర్డు పీకేసి చిల్లు పూడ్చాం. గది మధ్యలో సిమెంటుతో చిన్న అరుగు కట్టించి బండని దాని మీద కూర్చోబెట్టాం. తలుపుకి తాళం. తాళం మీద బోర్డు: ‘విద్యార్థులకు ప్రవేశం లేదు’. బడి అన్నదానికి అలాంటి బోర్డు పెట్టడం నా ఉద్యోగ జీవితంలో అదే మొదలు.

పిల్లలు వరండాలో కూర్చున్నారు. కిటికీలోంచి లోపలికి చూసి లోవకుమారి అడిగింది. “మాస్టారండి, బండ ఒక్కతే ఉంది కదండి. దానికి పాఠం ఎవరు సెప్తారండి?”

“ముందు నువ్వు నేర్చుకో” అని కసిరాను. ఆ పిల్ల మీద నాకేం కోపం లేదు. ఎవరి మీదో చూపించలేక ఆ పిల్ల మీద చూపించాను.

నూకరత్నం షెడ్డులో పొయ్యి ముందు నిలబడి ఉంది. “బండ నోపలుంది, పొయ్యి ఇక్కడుంది. నేనెలా వొండాలండి మాస్టారండి?” అని అడిగింది.

అడిగింది సబబే. పొయ్యీ బండా ఒకే గదిలో ఉండరాదని ఐదో నిబంధన. రెంటినీ కలిపే గొట్టం చేతి పొడవుకి మించరాదని తొమ్మిదో నిబంధన. నేను వైకుంఠరావుగారికి ఫోను చేసి, ఈ రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయని అడిగాను.

“భీమలింగంగారూ, మీరు లెక్కల మనిషి కదా, అన్నిటినీ కలిపేస్తారు. నిబంధనలను కలిపి చదవరాదు. విడివిడిగా చదవండి, విడివిడిగా పాటించండి. సందేహముండదు” అన్నారాయన.

ఐదో నిబంధన పాటిస్తే వంట లేదు. తొమ్మిదో నిబంధన పాటించడానికి అసలు గొట్టం తగిలించడమే లేదు కాబట్టి అది దానంతటదే పాటింపబడింది. పోనీ కట్టెలపొయ్యి పెడదామంటే, కిందటేడే మా బడిని పొగరహిత పాఠశాలగా ప్రకటించి గోడ మీద రాయించారు. పోనీ నూకరత్నం ఇంటి దగ్గర వండుకొస్తానంటే, బయటి ఆహారము ఆవరణలోనికి తేరాదని పన్నెండో నిబంధన. చివరికి పైవాళ్ళే దయతలిచి, ఏర్పాట్లు పూర్తయ్యేవరకూ పిల్లలకి మధ్యాహ్నం పల్లీ చిక్కీ ఇమ్మన్నారు.

చిక్కీ మంచిదే. నేనూ తింటాను. అన్నం తిన్నాక.

మొదటి రోజు పిల్లలు పండగలా తిన్నారు. రెండో రోజు తిన్నారు. తరవాత మధ్యాహ్నం పాఠానికి సగం మంది నిద్రపోవడం మొదలుపెట్టారు. కొందరు భోజనాల గంట కొట్టగానే ఇంటికి పోయి మరి రావడం మానేశారు, ఇంట్లో అన్నం ఉండీ కాదు, అలవాటు కొద్దీ గిన్నెలు వెతుక్కోడానికి. లోవకుమారి మాత్రం ఉండేది, వాళ్ళింటికి తాళం కాబట్టి. గాలి పీల్చి వంట పేరు చెప్పడం మానేసింది. నూకరత్నం రోజూ వచ్చి చల్లటి పొయ్యి పక్కన కూర్చుని “పిల్లల మొకాలు సూడండి మాస్టారండి, వొడిలిపోయిన తోటకూర కాడల్లా అయిపోతన్నారు” అని నన్నే సాధించేది, ఆ ఆర్డరు నేనే రాసినట్టు.

బండ మాత్రం హాయిగా ఉంది. పైగా దానికి హాజరు కూడా వచ్చింది. రోజూ పదింటికల్లా బండ ఫోటో తీసి యాపులో పెట్టాలి. మా టీచర్ల ముఖాలు గుర్తుపట్టే యాపునే కొంచెం సర్ది బండలకీ ఇచ్చినట్టున్నారు. పేర్రాజుగారు ఫోను పట్టుకుని ఎన్నిసార్లు తీసినా ‘ముఖము స్పష్టముగా లేదు. కళ్ళు తెరిచి ఉంచండి’ అని వచ్చేది. ఆయనకి చెమటలు పట్టేవి. హాజరు పడకపోతే సంజాయిషీ రాయాలి.

నూకరత్నం చూసి చూసి, పసుపు ముద్ద కలిపి బండకి నుదురు ఉండాల్సిన చోట పూసి, రెండు కుంకం బొట్లు పక్కపక్కన పెట్టి, కిందనో నామం గీసింది. “ఇప్పుడు తియ్యండి బాబూ” అంది. తీశారు. ‘హాజరు నమోదైనది. శుభోదయం’ అని వచ్చింది. ఆనాటి నుంచీ బండ ఒక్కరోజు నాగా పెట్టలేదు. పిల్లల హాజరు సగానికి పడిపోయిందని ఎవరూ అడగలేదు. దానికి వేరే విభాగం ఉందట.

ఇంతలో వరండా పనికిరాదని మరో ఆర్డరు. బండ ఉన్న గదికీ పిల్లలకీ మధ్య ఒక గోడ సరిపోదు, ఒక వీధైనా ఉండాలి. వీధికవతల రైతులు వడ్లు ఆరబోసుకునే సిమెంటు కళ్ళం ఉంది. పిల్లల్ని అక్కడికి చేర్చాం. పైన ఎండ, కింద సిమెంటు. ఓ పక్క మేం పన్నెండో ఎక్కం చెబుతుంటే ఇంకో పక్క ఓ ముసలమ్మ కోళ్ళని తోలుతుండేది. పిల్లలు పన్నెండుమార్లు పన్నెండు అనేలోపు ‘హుష్’ అని వినపడేది. ఇప్పటికీ కొందరు ఆ ఎక్కం అలాగే అప్పజెబుతారు.

తరవాత విన్యాసం వచ్చింది. ప్రమాదం జరిగితే పిల్లలు ఎలా తప్పించుకోవాలో చేయించి చూపించే విన్యాసం. వైకుంఠరావుగారు స్వయంగా జీపు దిగారు. మెళ్ళో ఈల.

“నేను ఈల వేయగానే విద్యార్థులు ప్రమాద స్థలము నుండి సురక్షిత స్థలమునకు క్రమశిక్షణతో చేరవలెను” అన్నారు.

“చిత్తం. కానీ వాళ్ళు సురక్షిత స్థలంలోనే ఉన్నారండి, కళ్ళం మీద” అన్నారు పేర్రాజుగారు.

వైకుంఠరావుగారు ఒక్క క్షణం ఆలోచించారు. “అట్లయిన యెడల ముందుగా వారిని ప్రమాద స్థలమునకు తోడ్కొని రండి” అన్నారు.

తాళం తీశాం. పిల్లలందరూ ఏడో తరగతి గదిలోకి పరిగెత్తుకుంటూ వచ్చారు. చల్లటి నేల, కాలవ గాలి. ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతూ బండ చుట్టూ కూర్చున్నారు. కొందరు నేలకి చెంపలు ఆనించారు. లోవకుమారి అరుగుకి తల ఆనించి అక్కడికక్కడే నిద్రపోయింది.

వైకుంఠరావుగారు ఈల వేశారు. ఒక్కరూ కదల్లేదు. మళ్ళీ వేశారు. గుమ్మానికి దగ్గరగా కూర్చున్న ఒకడు చేతులు కట్టుకుని లేచి, “ఇంకొంచెం సేపు ప్రమాదంలో ఉంటామండి” అని బతిమాలాడు.

చివరికి నూకరత్నం గరిటె తెచ్చి చూపిస్తే లేచారు. లోవకుమారి లేవలేదు. పేర్రాజుగారే వంగి భుజం మీద తట్టారు. ఆ పిల్ల కళ్ళు తెరిచి, ఎక్కడుందో తెలియక, “అన్నానికి గంట కొట్టేరాండి?” అంది.

పేర్రాజుగారు ఆ పిల్లని చెయ్యిపట్టి వీధి దాటించి కళ్ళం మీద కూర్చోబెట్టి వచ్చారు. ఆ రోజంతా ఆయన నాకు హితబోధ చెయ్యలేదు. వైకుంఠరావుగారు మాత్రం ‘విద్యార్థులలో ప్రమాదము పట్ల మక్కువ కనబడుచున్నది. అవగాహన పెంచవలెను’ అని చెప్పి జీపెక్కారు.

ఈ బాగోతానికి బహుమానం రావడం ఒక్కటే తక్కువైంది. అదీ వచ్చింది. చుక్క గ్యాసు కూడా వాడని బడి జిల్లా మొత్తం మీద మాదొక్కటేనట. గ్యాసే మండనిచోట ప్రమాదమెక్కడిది? మాకు ‘సంపూర్ణ సురక్షిత పాఠశాల’ అని బిరుదు. ఫలకం, శాలువా, ఆ తరవాత ప్రత్యేకాధికారి విద్యార్థులతో సహపంక్తి భోజనం.

సహపంక్తి భోజనమంటే మీకు తెలుసుగా. పెద్దాఫీసరెవరైనా బడికి వస్తే పిల్లలతో పాటు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, వాళ్ళు తిన్నదే తిని, ఫోటో దిగి వెళ్ళాలి. అది మా శాఖ ఆచారం, ఎవరూ తప్పరు. పేర్రాజుగారు ఆఫీసుకి ఫోను చేసి, మా దగ్గర భోజనమే లేదని చెప్పబోయారు. కార్యక్రమము ఖరారైనది, మార్పులకు తావు లేదని గుమాస్తా ఫోను పెట్టేశాడు.

ఆ రోజు రానే వచ్చింది. శాలువా కప్పారు. ఫలకం ఇచ్చారు. ఊరి పెద్దలు మాట్లాడారు, ఒకాయన బండకి కూడా శాలువా కప్పమన్నాడు, కప్పారు. అవన్నీ అయ్యేసరికి ఒంటిగంట దాటింది. కళ్ళం మీద పందిరి వేసి, పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి కంచాలు పెట్టాం. వైకుంఠరావుగారు లోవకుమారి పక్కన కూర్చున్నారు. ఫోటో తీశారు. ఆయన చెయ్యి కడుక్కుని ఎదురుచూశారు. పిల్లలు చూశారు. నేనూ చూశాను.

“వడ్డించమనండి” అన్నారు వైకుంఠరావుగారు.

పేర్రాజుగారు ఆయన కంచంలో ఒక పల్లీ చిక్కీ పెట్టారు. పిల్లలందరికీ నేను పెట్టుకుంటూ పోయాను.

“ఇది సరే, అన్నమేదీ?”

“వండలేదండి.”

“ఏమి కారణం?”

“తమరి ఉత్తర్వేనండి” అన్నారు పేర్రాజుగారు చేతులు కట్టుకుని. అందులో వెటకారం ఇసుమంతైనా లేదు. ఆ మనిషి తీరే అంత.

వైకుంఠరావుగారి ముఖం పాలిపోయింది. “నాకు షుగరండీ. భోజనం ఉందని జీపులోనే మాత్ర వేసుకున్నాను. ఈ బెల్లం నేను తినకూడదు, తినకపోతే కళ్ళు తిరుగుతాయి” అన్నారు. మొదటిసారి ఆయన మామూలు మనుషుల్లా మాట్లాడారు. సఫారీ చెమటతో వీపుకి అంటుకుపోయింది.

లోవకుమారి ఆయన్ని చూసి, తన చిక్కీ ఆయన కంచంలో పెట్టబోయింది. “మొదట్లో అలాగే ఉంటాదండి. కూకుంటే తగ్గిపోద్దండి” అని ధైర్యం చెప్పింది. వైకుంఠరావుగారు ఆ పిల్ల వంక చూసి, చిక్కీని మళ్ళీ ఆ పిల్ల కంచంలోకే మళ్ళించారు.

నూకరత్నం ముందుకొచ్చింది. “ఆయ్, మా ఇంటికాడ అన్నం ఉందండి. ఇప్పుడే దించొచ్చేను. ములక్కాడల పులుసూ, చింతచిగురు రొయ్యపొట్టూనండి. అట్టుకొచ్చీమంటారా?”

“తీసుకురా తల్లీ” అన్నారు వైకుంఠరావుగారు.

పేర్రాజుగారు గొంతు సవరించుకున్నారు. “బయటి ఆహారము ఆవరణలోనికి తేరాదండి. పన్నెండో నిబంధన. ఈ కళ్ళం కూడా ప్రస్తుతం బడి ఆవరణ కిందే ఉంది.”

నేను పేర్రాజుగారిని అంత ప్రేమగా ఎప్పుడూ చూడలేదు.

“అయితే నేనే ఆవరణ దాటుతాను” అని లేచారు వైకుంఠరావుగారు. నూకరత్నం ముందు, ఆయన వెనక. సహపంక్తి అన్నాక ఆఫీసరొక్కరే తినకూడదు కదా. పిల్లలు కంచాలు పట్టుకుని ఆయన వెనక నడిచారు. ఊరంతా చూస్తుండగా ఆ ఊరేగింపు బడి వెనక సందులో ఉన్న నూకరత్నం ఇంటికి చేరింది.

ఒకటే గది, ముందో వసారా. గది మూల పొయ్యి, పొయ్యికి జానెడు దూరంలో బండ. వైకుంఠరావుగారు దాన్ని చూశారు. చూడనట్టు కూర్చున్నారు. నాలుగు ముద్దలు పడేసరికి ముఖంలోకి రంగొచ్చింది. నూకరత్నం గుమ్మంలో కంచాలు పట్టుకుని నిలబడ్డ పిల్లల్ని చూసి, పెద్ద గిన్నెతో ఎసరు పెట్టింది. వాళ్ళాయన పక్కింట్లోంచి పప్పు అప్పుతెచ్చాడు. పిల్లలు విడతలు విడతలుగా వసారాలో కూర్చుని తిన్నారు. లోవకుమారి మారు అన్నం పెట్టించుకుంది, మళ్ళీ పెట్టించుకుంది. నేను కండువాతో కళ్ళు తుడుచుకున్నాను. పొగ కాదు, అది గ్యాసుపొయ్యి.

మనిషన్నవాడికి కడుపు నిండితే బుద్ధి మారుతుందంటారు. ఆఫీసరుకి కడుపు నిండితే ఆర్డరు మారుతుంది. మర్నాటికల్లా కొత్తది వచ్చింది: మధ్యాహ్న భోజనమును వంటమనిషి గృహముననే పెట్టవచ్చును. అందుకై పాఠశాల బండను సదరు గృహమునకు తరలించవలెను. శాలువాతో సహా తరలించాం. పిల్లలు రెండు రోజులు కడుపారా తిన్నారు.

మూడో నాడు వైకుంఠరావుగారి విభాగంలోనే ఇంకెవరో నిబంధనలన్నీ కలిపి చదివారు. నూకరత్నం గృహములో ఇపుడు బడి బండ కలదు, విద్యార్థులు గుమికూడుచున్నారు. కావున సదరు గృహము పాఠశాల నిల్వ గదియే. కావున అందులో పొయ్యి ఉండరాదు, స్విచ్చులు ఉండరాదు, విద్యార్థులు రారాదు, నివాసము అసలే ఉండరాదు. గృహస్థులు తక్షణమే ఖాళీ చేయవలెను.

ఆర్డరు చదివి వినిపిస్తే నూకరత్నం గడప మీద కూలబడింది. “నా ఇంట్లోంచి నన్ను పొమ్మంటారేటండి? పిల్లలకి బువ్వెట్టినందుకాండి?” అంది. వాళ్ళ అత్తగారు లోపల్నుంచి బండని శాపనార్థాలు పెడుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కాగితం పీలికలు చేద్దామని చెయ్యి చాచాను.

పేర్రాజుగారు నా చెయ్యి పట్టుకున్నారు. “ఆగండి మాస్టారూ. ఆర్డరు ఆర్డరే. ఖాళీ చెయ్యాల్సిందే. చేసి ఎక్కడికి పోవాలో మాత్రం అందులో లేదు” అన్నారు.

“అంటే?”

“మన ఏడో తరగతి గది ఖాళీగా ఉంది కదా. బండ లేదు కాబట్టి అది నిల్వ గది కాదు. పిల్లలు లేరు కాబట్టి తరగతి గదీ కాదు. నిరాశ్రయులైన కుటుంబానికి తాత్కాలిక నివాసంగా ఇచ్చే అధికారం హెడ్మాస్టరుకి ఉంది. తుఫానులప్పుడు ఇస్తూనే ఉన్నాం.”

నేను నోరు తెరిచాను. ఇంతకాలం ఆ బుర్రని ఎంత భద్రంగా నిల్వ ఉంచారో పేర్రాజుగారు.

సాయంత్రానికల్లా నూకరత్నం సంసారం ఏడో తరగతి గదిలో దిగింది. నులకమంచం, బియ్యం డబ్బా, అత్తగారు, సొంత పొయ్యి, దాని పక్కన సొంత బండ. బడి బండ మాత్రం వాళ్ళ ఇంట్లో ఒక్కతే తాళం వేసుకుని ఉంది. దానికీ పిల్లలకీ మధ్య ఒక వీధి కాదు, ఒక సందూ, రెండు ప్రహరీలూ. ఫోటో తీసి పంపితే యాపు మెచ్చుకుంది.

పేర్రాజుగారు పింఛను కాగితాలు తలుచుకుని మళ్ళీ కాస్త బెదిరి, వైకుంఠరావుగారికి ఫోను చేశారు. “బడిలో ఒక కుటుంబం కాపురముంటోందండి. వాళ్ళ సొంత బండ ఉంది. వాళ్ళు వండుకుంటారు. దాని సంగతేమిటండి?”

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. తరవాత “గృహావసరముల బండలు మా విభాగము పరిధిలోనికి రావు” అన్నారు వైకుంఠరావుగారు. ఆగి, గొంతు తగ్గించి, “ఈ గురువారం ఆ వైపు వస్తున్నాను. ఏం వండుతోంది?” అని అడిగారు.

ఇప్పుడు నూకరత్నం బండ అయిపోతే బడి బండతో మార్చుకుంటుంది. ఖాళీ బండ ఇంకా భద్రమని పేర్రాజుగారి వాదన. బడి ఆవిడ ఇల్లయింది కాబట్టి మేము ఆవిడ ఇంటికి వచ్చిన చుట్టాలం. మొదటి రోజు పిల్లలు గుమ్మం దగ్గర ఆగిపోయి, లోపలికి రావచ్చా అని అడిగారు. నేనూ చెప్పులు విప్పి, “నూకరత్నమ్మా, ఓ మూల కూర్చుని రెండు లెక్కలు చెప్పుకోమంటావా?” అన్నాను.

“సెప్పుకోండి మాస్టారండి. ముందు తినేసి సెప్పుకోండి” అంది నూకరత్నం, కంచాలు వరసగా పరుస్తూ. “బళ్ళో అయితే అన్నం ఎట్టడానికి ఆర్డరు రావాలండి. ఇంటికొచ్చినోళ్ళకి ఎట్టడానికి ఎవర్నడగాలండి?”